ఎవరూ ఎత్తుకోవద్దు

లాంటిదే

పెళ్ళిచూపుల్లో మా అత్తగారు "అమ్మాయి ఏం చేస్తుంది?" అని అడిగితే, మా నాన్న కాస్త ఆలోచించి "డాక్టర్ లాంటిదేనండీ" అన్నారు. ఆ 'లాంటిదే'లోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. బందరులో చిన్న క్లినిక్ పెట్టుకుని, గుడివాడలో ఓ ఎముకల ఆసుపత్రికి వెళ్ళొస్తూ, పిలిస్తే దివిసీమ ఊళ్ళకి బస్సెక్కి పోతూ, ముప్పై ఏళ్ళకి పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. కొందరు డాక్టరమ్మా అన్నారు, కొందరు సిస్టర్ అన్నారు. మోకాలి నొప్పితో వచ్చిన ఒకాయన ఓ రోజు తన ఫోన్ కనపడటం లేదని కంగారు పడితే నేనే రింగ్ ఇచ్చాను. దిండు కింద మోగింది. తెరమీద నా నంబరుకి పేరు 'కాళ్ళు పట్టే ఆవిడ' అని ఉంది. ఇద్దరం చూశాం. ఆ రోజు ఆయన మోకాలు మామూలుకంటే కొంచెం ఎక్కువే వంచాను.

ఇప్పుడు ఈ చదువు చదివిన పిల్లలు నా దగ్గరికొచ్చి, ఏ మెషిన్ కొనాలి, బోర్డు మీద పేరుకి ముందు ఏం రాయించుకోవాలి అని అడుగుతుంటారు. మెషిన్ల సంగతి అమ్మేవాళ్ళు చెప్తారు, బోర్డు సంగతి రాసేవాడు చెప్తాడు. నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. మీకు కాలేజీలో మనిషి ఎదుగుదల దశలు నేర్పిస్తారు. ఏ నెలకి మెడ నిలబడాలి, ఏ నెలకి కూర్చోవాలి, ఏ వయసులో ఎముకలు పలచబడతాయి, అన్నీ పట్టికలో ఉంటాయి. అవన్నీ నిజమే. కాకపోతే పేషెంటు పట్టికలో ఉండడు, ఓ ఇంట్లో ఉంటాడు. ఆ ఇంటివాళ్ళ పట్టిక వేరే ఉంటుంది.

పిండివంటల కొలత

మనవాళ్ళు పిల్లల ఎదుగుదలని పిండివంటలతో కొలుస్తారు. బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఇంత రుచికరమైన కొలత ఇంకెక్కడన్నా ఉందో లేదో నాకు తెలీదు. ఇందులో ఓ సౌకర్యం కూడా ఉంది. పిల్లవాడు ఆలస్యం చేస్తే అమ్మానాన్నలకంటే ముందు పక్కింటివాళ్ళు పట్టేస్తారు, వాళ్ళకి అరిసెలు అందలేదు గనక. కాని అరిసెలతో ఈ కొలత ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ మనిషి జీవితంలో ఎంత పెద్ద అడుగేసినా ఎవరూ పాకం పట్టరు.

అక్కణ్ణుంచి మన ఇళ్ళలో మనిషికి మూడే దశలు. మొదటిది 'వాడింకా చిన్నపిల్లాడు'. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఫోన్ మీద వంగి వంగి మెడ పట్టేసి వచ్చాడు. ఏమైందో వాళ్ళమ్మ చెప్పింది. ఎప్పట్నుంచో వాళ్ళమ్మ చెప్పింది. ఎక్కడ నొప్పో కూడా ఆవిడే వేలుపెట్టి చూపించింది. ఆ వేలు తగిలాక వాడు 'అబ్బా' అన్నాడు. రెండో దశ 'ఇప్పుడు తీరికెక్కడిది'. ఇది పెళ్ళితో మొదలవుతుంది. ఈ దశలో ఉన్నవాళ్ళు నడుం నొప్పిని ఫోన్లోనే తగ్గించమంటారు. మూడోది 'ఈ వయసులో ఎందుకు'. ఇది ఎప్పుడు మొదలైందో ఆ మనిషికి తెలియదు. ఇంట్లో మిగతావాళ్ళు హాల్లో కూర్చుని తేల్చేస్తారు.

ఏ నేలమీద

పనిలో చేరిన కొత్తలో కృత్తివెన్ను వైపు ఓ క్యాంపుకి వెళ్ళాను. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి భార్య కూతుర్ని చంకనేసుకొచ్చింది. పిల్లకి ఏడాదిన్నర దాటింది, నడవటం లేదు. తుంటి చూశాను, మోకాళ్ళు చూశాను, పాదాలు చూశాను. ఏ లోపమూ లేదు. బొమ్మలతో అచ్చేసిన వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి, "రోజూ నేలమీద వదిలెయ్యమ్మా, అదే నడుస్తుంది" అన్నాను.

"ఏ నేలమీదండీ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. వాళ్ళ పాక చెరువు గట్టుమీద ఉంది. ఇటు చూస్తే నీళ్ళు, అటు చూస్తే నీళ్ళు. పిల్ల జారి పడుతుందని పగలంతా చీరతో మంచం కోడుకి కట్టేసి ఉంచుతుంది. నా కాగితంలో బొమ్మల పాప ఓ తివాచీ మీద పాకుతోంది.

ఊళ్ళో రోడ్డు పక్కన ఆవిడ అక్కగారి ఇల్లుంది, సిమెంటు వాకిలి ఉంది. పగటిపూట పిల్లని అక్కడ ఉంచుకునేట్టు మాట్లాడుకున్నారు. కొద్దిరోజుల్లోనే అది వాకిలంతా తిరిగేసింది. నా కాగితంలోని వ్యాయామం ఒక్కటీ చేయకుండానే. అప్పట్నుంచి ఎవరొచ్చినా, ఎక్కడ నొప్పి అని అడిగేముందు రోజంతా ఎక్కడ ఉంటారు అని అడగటం అలవాటు చేసుకున్నాను.

నడిస్తే నాది

గుడివాడ ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడి పెద్ద డాక్టరుగారి సూత్రం ఒకటే: "పేషెంటు నడిస్తే నా ఆపరేషన్. నడవకపోతే నీ ఫిజియో." ఇది ఆయన నవ్వుతూ అన్నమాట కాదు. నిజంగానే నమ్మేవారు. చీటీ మీద పూర్తిగా రాయడానికి కూడా ఓపిక లేక, 'ఫి' అని రాసి కింద ఓ గీత గీసేవారు. ఆ గీత నేను.

కాని ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. మోకాలు ఆపరేషనైన ఓ రైతు అడుగు వేయనంటే వేయనని మొండికేశాడు. మంచం చుట్టూ భార్య, ఇద్దరు కొడుకులు, బావమరిది. డాక్టరుగారు వచ్చి వాళ్ళందర్నీ టీ తాగి రమ్మని పంపేశారు. తలుపు వేశాక ఆ రైతుతో, "కాస్త ఆ కిటికీలోంచి చూసి, నా కారుకి అడ్డంగా ఎవడు బండి పెట్టాడో చెప్పండి" అన్నారు. ఆయన వాకర్ పట్టుకుని వెళ్ళి, చూసి, "ఆటో అండీ" అన్నాడు.

"చుట్టాలు పళ్ళు పట్టుకొచ్చారు కదమ్మా" అన్నారు డాక్టరుగారు నాతో, బయటికొచ్చాక. "వాళ్ళ ముందు లేచి నడిస్తే మర్యాదగా ఉండదు."

ఆయన నన్ను అన్న మాటలన్నిటికీ ఆ ఒక్క మాటతో చెల్లు అనుకున్నాను.

మోపిదేవి అవతల ఓ ఇల్లు

ఇక అసలు సంగతి. నేను పని మానేయడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది. మోపిదేవి దాటాక ఓ పల్లెటూరు, పసుపు, అరటి పండించే కుటుంబం. ఫోన్ చేసింది ఆ ఇంటి అమ్మాయి లావణ్య. భర్త ఉద్యోగం హైదరాబాదులో, తనేమో ఇంట్లోంచే కంప్యూటర్ మీద పనిచేస్తుంది. పురిటికి పుట్టింటికొచ్చి, పిల్లాడు నడిచాక వెళ్దామని ఆగిపోయింది. ఏడాది దాటి నెలలు గడుస్తున్నా పిల్లాడు నడవడు.

"మేడం, ఫోన్లో పిల్లల ఎదుగుదల చూసే యాప్ ప్రకారం మా బాబు చాలా వెనకబడి ఉన్నాడు" అంది.

"ఎక్కడికి వెళ్ళాలనమ్మా అంత తొందర?" అన్నాను. ఆ అమ్మాయికి నవ్వు రాలేదు.

చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను. ఇల్లు పెద్దది, హాల్లో మొహం కనిపించేంత నున్నటి గ్రానైటు. నేను గుమ్మం ఎక్కేసరికి పిల్లాడు లావణ్య వాళ్ళమ్మ పద్మ చంకలో ఉన్నాడు. చేతులు కడుక్కొచ్చేసరికి లావణ్య చేతుల్లోకి మారాడు. కుర్చీలో కూర్చునేసరికి వాడి తాత ప్రసాద్ గారి భుజమ్మీద ఉన్నాడు. పేరేదో కొత్తరకంది, నోరు తిరగదు, ఇంట్లో చిన్ను అంటారు. వాడు వేలు పెట్టి కిటికీ చూపిస్తే యాభై దాటిన ప్రసాద్ గారు కిటికీ దగ్గరికి నడుస్తున్నారు. ఫ్రిజ్ చూపిస్తే ఫ్రిజ్ దగ్గరికి. ఇంత మంచి వాహనం ఉండగా ఎవడు మాత్రం నడుస్తాడు? నేను గంటసేపు కూర్చున్నాను. పరీక్ష చేయడానికి నేను దించినప్పుడు తప్ప ఆ గంటలో వాడి పాదం నేలకి తగల్లేదు. కాళ్ళు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

"మోపిదేవి స్వామికి మొక్కుకున్నామండీ, నడిస్తే వాడి కాళ్ళతో వాణ్ణి గుడికి నడిపిస్తామని" అంది పద్మ.

స్వామి తను చేయాల్సింది చేసే ఉంటాడు. చంకలోంచి కిందికి దించే పని మాత్రం వీళ్ళకి వదిలేసినట్టున్నాడు.

అప్పుడు పక్క గదిలోంచి దగ్గు వినిపించింది.

"లోపల ఎవరండీ?"

"మా అమ్మండీ" అన్నారు ప్రసాద్ గారు.

"ఏమైంది ఆవిడకి?"

"ఏముందండీ. వయసు."

నా అనుభవంలో వయసుని మించిన జబ్బు లేదు మన దగ్గర. దానికి పరీక్షలక్కర్లేదు, మందులక్కర్లేదు, డాక్టరుతో పనే లేదు. చూసినవాళ్ళంతా తేల్చి చెప్పేస్తారు.

లోపలికి వెళ్ళి చూశాను. రత్నమ్మగారికి డెబ్బై నాలుగు. వర్షాల్లో పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే విజయవాడలో ఆపరేషన్ చేయించారు. వారం తిరక్కుండా నడిపించమని అక్కడి డాక్టరు చెప్పాడట. "మాకే మనసొప్పలేదండీ" అంది పద్మ. మనసొప్పక మంచం కొన్నారు. అటూ ఇటూ స్టీలు కమ్మీలున్న ఆసుపత్రి మంచం. ఆవిడ దాంట్లో పడుకుని నాలుగో నెల నడుస్తోంది. గదిలోనే బాత్‌రూము ఉన్నా, మూల డైపర్ల ప్యాకెట్లు పేర్చి ఉన్నాయి, ఒకే కొట్లోవి, పైన చిన్నవి, కింద పెద్దవి.

"అత్తయ్యా, ఎవరొచ్చారో చూడు! బువ్వ తిన్నానని చెప్పు మేడంకి!" అంది పద్మ, చిన్నుతో మాట్లాడే గొంతుతోనే.

పద్మ చెడ్డమనిషి కాదు. రోజూ అత్తగారికి ఒళ్ళు తుడిచి, జడవేసి, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టేది. అదే వచ్చిన చిక్కు. మనుషుల్ని మంచానికి అంటించేది పట్టించుకోనివాళ్ళు కాదు. పట్టించుకోనివాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు ఆకలేసి లేచి నడుస్తారు.

"కాలు కొంచెం లేపుతారా?" అని రత్నమ్మగారిని అడిగితే, "లేపలేదండీ" అన్నారు ప్రసాద్ గారు. "నొప్పుందా అమ్మా?" అంటే, "రాత్రిళ్ళు ఉంటుందండీ" అంది పద్మ. ఆవిడ గోడవైపు చూస్తోంది. గుడివాడ డాక్టరుగారు గుర్తొచ్చి, టీ కావాలని, పిల్లాడి పాత వీడియోలు చూడాలని, ఏదో చెప్పి అందర్నీ బయటికి పంపేశాను.

"రత్నమ్మగారూ, మీకేం కావాలి?"

గోడతోనే చెప్పింది. "కోరికలేం లేవమ్మాయ్. నా కాళ్ళతో నేను బాత్‌రూముకెళ్ళి, తలుపేసుకు కూర్చోవాలి. పసుపు ఉడకేసే రోజుల్లో కూలీల గుంపంతా నేను చెప్పినట్టు వినేది. ఇప్పుడు నా కాళ్ళే నా మాట వినటంలా."

దుప్పటి తీసి కాలు చూశాను. ఎముక చక్కగా అతుక్కుంది. కండ మాత్రం సగమై పోయింది, మోకాలు బిగుసుకుంటోంది, వీపు మీద చర్మం ఎర్రబడింది. ఇలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను. ఇంకో రెండు మూడు నెలలు పోతే ఇక ఎవరొచ్చినా లేపలేరు. ఆ తర్వాత వీపు పుళ్ళు పడుతుంది, ఆపైన ఊపిరితిత్తులు. చివరికి అందరూ కలిసి వయసైపోయిందంటారు.

హాల్లోకి వచ్చి ఇదంతా చెప్పాను.

"మళ్ళీ పడితే ఎవరండీ బాధ్యత?" అన్నారు ప్రసాద్ గారు.

"అసలు పడకుండా ఉండాలంటే అసలు లేవకుండా ఉండాలి. అది మీరు ఎలాగూ కనిపెట్టారు."

"వేళాకోళం కాదండీ. మిమ్మల్ని పిలిచింది బాబు కోసం. అమ్మ జోలికి వెళ్ళకండి. ఈ వయసులో ఆవిణ్ణి బాధపెట్టడం మాకిష్టం లేదు." పెరట్లో పడి ఉన్న తల్లిని మొదట చూసింది ఆయనేనని తర్వాత తెలిసింది.

నేను లేచి చెప్పులేసుకోబోయి ఆగాను.

"సరే, బాబు సంగతే చెప్తాను. ఇక వీణ్ణి ఎవరూ ఎత్తుకోవద్దు."

"అలాగేనండీ" అన్నారు ముగ్గురూ. అంటుండగానే వాడు చేతులు చాచాడు, పద్మ ఎత్తేసుకుంది.

"మీవల్ల కాదు. ఈ గ్రానైటు మీద వాడు నిలబడలేడు, జారుతుంది. గరుకు గచ్చు ఆ గదిలోనే ఉంది. పట్టుకు లేవడానికి వాడి ఎత్తుకి సరిపడా కమ్మీలు ఆ మంచానికే ఉన్నాయి. వాణ్ణి ఎత్తుకోలేని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. పొద్దునా సాయంత్రం వాణ్ణి ఆవిడ దగ్గర వదిలి, తలుపు దగ్గరికేసి మీరు హాల్లో కూర్చోండి."

"పడుకున్న మనిషి ఎలా చూస్తుందండీ?" అంది లావణ్య.

"పడుకుని చూడటం కుదరదు. లేపి కూర్చోబెట్టాలి. కాళ్ళు కిందికి వేలాడెయ్యాలి, వాడు పట్టుకోవద్దూ? నేను వారానికి రెండుసార్లు వచ్చి దగ్గరుండి చేయిస్తాను. అంతా బాబు కోసమే."

ప్రసాద్ గారు ఆలోచించారు. "బాబు కోసమైతే సరేనండీ" అన్నారు. చిన్నవాడి కోసమంటే ఆ ఇంట్లో గోడ కొట్టేయమన్నా కొట్టేస్తారు.

తలుపు వెనక

మొదటిరోజు చిన్ను ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చాడు. బయట ముగ్గురూ తలుపుకి అంటుకుపోయారు. "ఏడవనీయండర్రా, ఎవరిదన్నా గొంతు వినపడాలిగా ఈ గదిలో!" అంది రత్నమ్మగారు లోపల్నుంచి.

నేను వెళ్ళినప్పుడల్లా మాకు పని జరిగేది. ఆవిడ మంచం అంచున కూర్చుని ఆపరేషనైన కాలితో బంతి తంతే, వాడు పాకుతూ వెళ్ళి తెచ్చిచ్చేవాడు. బంతి నా ఆలోచన. దాని బదులు స్టీలు గ్లాసు తన్నడం ఆవిడ ఆలోచన. చప్పుడు బాగా వస్తే వాడు తొందరగా వెళ్తాడని. గ్లాసు దూరం పోవాలంటే కాలు గట్టిగా చాపాలి. చాపినప్పుడల్లా నొప్పికి నన్ను రాక్షసీ అని తిట్టేది. వాడు కమ్మీ పట్టుకుని లేచేవాడు. ఆవిడ అదే కమ్మీ పైనుంచి పట్టుకుని లేచేది.

ఓ వారం అల్యూమినియం వాకర్ కొనమని రాసిచ్చాను.

"బాబుకి ఇంత ఎత్తు వాకరా?" అన్నారు ప్రసాద్ గారు దాన్ని పట్టుకొచ్చి.

"పెరుగుతాడు కదండీ" అన్నాను. ఆయన నావైపు కొంచెంసేపు చూశారు. లోపల పెట్టేసి వెళ్ళిపోయారు.

ఓ రోజు వెళ్ళేసరికి రత్నమ్మగారు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముందురోజు నిలబడబోయి కూలబడిందట, మంచం మీదే పడింది గాని బాగా భయపడింది.

"వదిలెయ్యమ్మాయ్. వాడంటే ఇప్పుడు బతుకు మొదలెట్టాడు. నేను నడిచి ఏ ఊరేలాలి? వాడు పడితే మీరంతా చప్పట్లు కొడతారు. నేను పడితే ఇంట్లో పొయ్యి వెలగలా."

"వాడికి పడటం అలవాటండీ. మీకు అలవాటు తప్పింది."

చిన్ను కమ్మీ వదిలేసి నిలబడి, ఊగి, కూలబడి, దానికి సంబంధం లేని దేనికో నవ్వి మళ్ళీ లేస్తున్నాడు. ఆవిడ అలా చూస్తూ ఉంది. వాడు నాలుగోసారో అయిదోసారో కూలబడ్డాక, "సిగ్గులేదు వెధవకి" అంది ముద్దుగా. తర్వాత నాతో, "ఆ వాకరిటు లాగు" అంది.

ఇంకో పదిరోజులకి నేను లోపలికి వెళ్ళగానే, తలుపు వేయమని సైగ చేసింది. గొంతు తగ్గించి, "వీడు నడిచాడే" అంది.

"ఎప్పుడు?"

"మొన్న. కమ్మీ దగ్గర్నుంచి బీరువా దాకా. నిన్నా నడిచాడు."

"మరి వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్తే తలుపు తీసేస్తారు. నిన్ను రావద్దంటారు. నాకింకా మంచం చివరిదాకే వస్తోంది నడక. ఇంకో వారం ఆగు."

వృత్తి ధర్మం ప్రకారం ఇది తల్లికి చెప్పాల్సిన సంగతి. బయట లావణ్య యాప్ చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. లోపల ఈ డెబ్బై నాలుగేళ్ళావిడ వాడు తలుపువైపు నడవకుండా బెల్లంముక్క చూపించి బీరువావైపు తిప్పుతోంది. నేను నోరు మూసుకున్నాను. బస్సులో కూర్చున్నాక కూడా ఆ అమ్మాయి మొహం గుర్తొచ్చి సర్దుకోలేకపోయాను. కాని వారం గడవకముందే వాడు మా ఇద్దర్నీ ఏమీ అడక్కుండా, దగ్గరికేసిన తలుపు తోసుకుని హాల్లోకి నడిచిపోయాడు.

అరిసెల రోజు

అరిసెల వేడుకకి నన్నూ పిలిచారు. హాలునిండా చుట్టాలు. తెల్లటి పంచ పరిచి అరిసెలు వరసగా పేర్చారు. చిన్ను వాటిమీద అడుగులేస్తూ సగందాకా వచ్చి, చతికిలబడి ఒకటి తినడం మొదలెట్టాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. పద్మ చుట్టాలకి నన్ను చూపించి, "ఈవిడేనండీ, చేతులు మంచివి" అంటోంది. కాళ్ళ దగ్గర్నుంచి చేతులకి ఎదిగాను.

పద్మ పళ్ళెంలో రెండు అరిసెలు పెట్టుకుని అత్తగారి గదికి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా వెనక్కొచ్చింది.

"ఏవండీ, తలుపు రావటం లేదు. లోపల గడియ పడింది."

"గడియేంటి? పిల్లాడు ఇక్కడే ఉన్నాడుగా" అన్నారు ప్రసాద్ గారు.

అందరూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. "అమ్మా! అమ్మా!" అని బాదారు. జవాబు లేదు. ఎవరో తలుపు బద్దలు కొట్టమన్నారు. ఇంకెవరో కిటికీ అన్నారు. ప్రసాద్ గారు పెరట్లోంచి గునపం పట్టుకొచ్చారు. మంచం చివర దాటి ఆవిడ ఒంటరిగా ఒక్క అడుగు వేయడం నేనెప్పుడూ చూడలేదు. నేను లేకుండా దిగొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

లోపల నీళ్ళు పోసిన చప్పుడైంది. తర్వాత చిరాగ్గా గొంతు వినిపించింది.

"ఒరేయ్ ప్రసాదూ, బాత్‌రూములో ఉన్నాన్రా. మనిషి కాసేపు స్థిమితంగా కూర్చునే వీల్లేదా ఈ కొంపలో?"

ప్రసాద్ గారు తలుపువైపు చూశారు. ఆ తలుపుకి గడియ పైనుంది, మనిషి నిలబడి చెయ్యెత్తితేగాని అందదు. ఆయన దాన్నే చూస్తూ గునపం మెల్లిగా గోడకి ఆనించి, అక్కడే గుమ్మం ముందు నేలమీద కూర్చుండిపోయారు. పద్మ చేతిలో అరిసెల పళ్ళెం అలాగే ఉంది. "అత్తయ్యగారూ, నిదానంగా రండి. తొందరేం లేదు" అంది తలుపుతో. చిన్నుతో మాట్లాడే గొంతు కాదు అది.

లోపల వాకర్ టకటకమంటూ దగ్గరికొస్తుంటే చుట్టాలంతా వెనక్కి జరిగి దారిచ్చారు. అన్ని ఫోన్లలో ఒక్కటీ పైకి లేవలేదు. అందరి చేతులూ వాటిని మర్చిపోయాయి.

ఫిర్యాదు

చిన్నుని మోపిదేవి గుడికి నడిపించి మొక్కు తీర్చుకున్నాక లావణ్య హైదరాబాదు వెళ్ళిపోయింది. రత్నమ్మగారు వాకర్ వదిలి చేతికర్రకి వచ్చింది. నేను పని తగ్గించుకుంటూ వచ్చి, చివరికి క్లినిక్కి తాళం వేశాను. మెచ్చుకుంటూ ఇచ్చిన జ్ఞాపికలు, కప్పిన శాలువాలు ఓ పెట్టెలో పడేశాను. ఏవి ఎవరిచ్చారో ఇప్పుడు చెప్పలేను. కాని పనిలో నాకొచ్చిన చివరి ఫిర్యాదు మాత్రం మాటకి మాట గుర్తుంది.

ఓ పొద్దున ప్రసాద్ గారు ఫోన్ చేశారు. నమస్కారం కూడా లేదు.

"మా అమ్మ పడిందండీ."

నేను నిలబడ్డదాన్ని కూర్చున్నాను. "ఎక్కడ? తుంటేనా?"

"మణికట్టు. అవనిగడ్డ తీసుకెళ్ళి కట్టు కట్టించాను. ఎక్కడ పడిందో అడగండి. వీధి చివర! పక్క చేనాయన గేదెల్ని మా పసుపులోకి వదుల్తున్నాడని, నాకు మాటైనా చెప్పకుండా కర్ర పుచ్చుకుని వాళ్ళింటిమీదికి పోట్లాటకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు కాలు జారింది. డెబ్బై ఆరేళ్ళండీ! మంచంలో ఉన్నన్నాళ్ళు ఊళ్ళో ఎవరితోనూ మాటొచ్చింది లేదు. ఇదంతా మీవల్లే మేడం."

"నావల్లేనండీ" అన్నాను.



"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఎలా ఉంటుందండీ, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ వరండాలో తిరుగుతోంది. కూర్చోమంటే వినదు."

"ఇంతకీ ఆ గేదెల సంగతి ఏమైంది?"



"కట్టేసుకున్నాడండీ" అన్నారు. తర్వాత గొంతు బాగా తగ్గించి, పక్కన ఆవిడ వింటుందేమోనన్నట్టు, "రెండేళ్ళనించీ నేను చెప్తుంటే వినలేదు వాడు" అన్నారు.